కారు ఆడియోలో డబ్బు ముందుగా ఎక్కడ పెట్టాలి

కారులో మంచి ఆడియో పెట్టించుకోవాలనుకునేవారిలో చాలామంది దుకాణంలో మొదట అడిగేది వూఫర్ (లోతైన బేస్ శబ్దాలు పలికే పెద్ద స్పీకర్) గురించి, ఆ వెంటనే ఎన్ని వాట్లని. నా దృష్టిలో ఈ వరుసే తలకిందులు. పాటలో మన చెవి వెతికేది గాయకుడి గొంతును. అది వచ్చేది ముందు తలుపుల్లోని స్పీకర్ల నుంచి. అందుకని బడ్జెట్‌లో పెద్ద వాటాను ఆ స్పీకర్లకూ, అవి కూర్చునే తలుపులకూ పెట్టి, మిగిలినదానితో తక్కినవి చూసుకోవాలని నేను చెబుతాను.

వాట్ల లెక్క దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. స్టీరియో పెట్టె మీద ఛానల్‌కు 50 వాట్లని అచ్చువేసినా, అది క్షణకాలపు గరిష్ఠం మాత్రమే. నిలకడగా అందే ఆర్‌ఎంఎస్ శక్తి సాధారణంగా 15 నుంచి 22 వాట్ల మధ్యే ఉంటుంది. విడిగా యాంప్లిఫయర్ (స్పీకర్లకు ఎక్కువ శక్తినిచ్చే పెట్టె) పెట్టే ఉద్దేశం లేనివారు స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి అది ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె, చూసి కొనాలి. 88 డెసిబెల్స్ స్పీకర్ బదులు 91 డెసిబెల్స్‌ది తీసుకుంటే, అంతే శబ్దానికి సగం శక్తి సరిపోతుంది. ఈ అంకెను ఏ అమ్మకందారూ తనంతట తాను చెప్పగా నేను వినలేదు, అడిగి తెలుసుకోవలసిందే.

ఇక తలుపు సంగతి. డోర్ ప్యాడ్ ఊడదీసి చూస్తే లోపలి రేకుకు పెద్ద పెద్ద కంతలు, వాటి మీద పలచటి ప్లాస్టిక్ షీటు కనిపిస్తాయి. స్పీకర్ కోను వెనక నుంచి వెలువడే తరంగం ఆ కంతల్లోంచి బయటికొచ్చి, ముందువైపు తరంగానికి ఎదురై బేస్‌ను తినేస్తుంది. బయటి రేకు లోపలివైపు రేకు అదురును తగ్గించే బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు అంటించి, లోపలి రేకు కంతలను మూయిస్తే, అదే స్పీకర్ అంతకు ముందు లేని బరువుతో పలుకుతుంది. అయితే తలుపు అడుగున వాన నీరు కారిపోవడానికి ఉన్న రంధ్రాలను మాత్రం మూయనివ్వకూడదు, లేకపోతే నీరు నిలిచి రేకు తుప్పు పడుతుంది. స్పీకర్ కింద వేసే రింగు చెక్కపొడి బోర్డుదైతే తేమకు ఉబ్బుతుంది కాబట్టి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగు అడగండి. బిగించాక అద్దాన్ని పూర్తిగా కిందికి దించి, అది మాగ్నెట్‌కు తగలడం లేదని చూసుకున్నాకే ప్యాడ్ వేయించాలి.

స్పీకర్లలో నేను కాంపోనెంట్ సెట్‌వైపే మొగ్గుతాను, ఎందుకంటే అందులో ట్వీటర్ (సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాల చిన్న స్పీకర్) విడిగా ఉండి అద్దాల ఎత్తున అమరితే గొంతు మోకాళ్ల దగ్గర నుంచి కాక ఎదురుగా వినిపిస్తుంది. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనక కుడి స్పీకర్ శబ్దమే ముందుగా చేరుతుంది. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ లెక్కన కుడివైపు శబ్దాన్ని కొద్దిగా ఆలస్యం చేసే టైమ్ అలైన్‌మెంట్ ఉన్న స్టీరియో కొంటే గొంతు డాష్‌బోర్డు మధ్యకు జరుగుతుంది. వెనక స్పీకర్లు కంపెనీవి ఉంటే చాలు.

యాంప్లిఫయర్‌కు క్లాస్ డి (శక్తిని తక్కువగా వృథా చేసే రకం) నాలుగు ఛానళ్లది అనువుగా ఉంటుంది. రెండు ఛానళ్లు ముందు స్పీకర్లకు, మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, వూఫర్‌కు ఇవ్వవచ్చు. బ్రిడ్జ్‌లో వూఫర్ నిరోధం ఎన్ని ఓమ్స్ వరకు తక్కువైనా తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూడాలి. 400 వాట్ల ఆర్‌ఎంఎస్‌కు, 80 శాతం సామర్థ్యంతో లెక్కవేసినా, బ్యాటరీ నుంచి దాదాపు 36 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కాకుండా అసలు రాగి వైరే వేయించి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు పెట్టించాలి.

వూఫర్ వంతు చివరికి వస్తుంది. పది అంగుళాల వూఫర్‌ను సీల్డ్ (అన్నివైపులా మూసిన) బాక్సులో పెడితే మృదంగం ఎడమవైపు గుంకి (సాగే లోతైన నాదం) సాగి, ఆగవలసిన చోట ఆగుతుంది. పోర్టెడ్ (గాలి పోయే గొట్టమున్న) బాక్సు మోత ఎక్కువిచ్చినా, సరిగా కట్టనిదైతే దెబ్బ తరువాత కూడా గుమగుమలాడుతూనే ఉంటుంది. బేస్‌ను వూఫర్‌కు, పైశబ్దాలను ముందు స్పీకర్లకు విడదీసే క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టి, బేస్ డిక్కీలోంచి వస్తున్నట్టు తెలిస్తే కొంచెం దించుకుంటే సరిపోతుంది.