చెరిపేసిన జవాబు: అమెరికా కాలేజీలో నా లెక్కల కోర్సు

నిన్న రాత్రి గ్రేడ్లు వచ్చాయి. నాకు బి. టెక్సస్‌లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో చరిత్ర చదువుతున్నాను. అడ్డంగా నిలిచిన ఒకే ఒక్క గణితం కోర్సు ఎట్టకేలకు గట్టెక్కింది. పదో తరగతితో లెక్కలు వదిలేసి ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకున్నదాన్ని.

ఇక్కడి ప్రభుత్వ కాలేజీల్లో దాదాపు ఏ డిగ్రీ చదివినా గణితం తప్పదు. ఏ స్థాయి కోర్సులో చేరాలో తేల్చే పరీక్ష సులువుగానే గడిచింది. కోర్సు ఎంచుకునేటప్పుడు సలహాదారు "మీ ఇండియా వాళ్లకు లెక్కలు పుట్టుకతోనే వస్తాయి కదా" అంటూ కాలేజ్ ఆల్జీబ్రాలో వేయబోయింది. ఒప్పుకోలేదు. చరిత్ర, సాహిత్యం, సంగీతం చదివేవాళ్లు కంటెంపరరీ మ్యాథమెటిక్స్ కావాలని పేరు పెట్టి అడగండి. మీ డిగ్రీకి అది చెల్లుతుందని రాయించుకోండి. నోటిమాట నమ్మవద్దు.

నేను ఆ కోర్సే తీసుకున్నాను. అందులో సంభావ్యత, ఓట్ల లెక్కింపు పద్ధతులు హాయిగా సాగాయి. చక్రవడ్డీ పాఠంలో తరగతిలో నాకే ఎక్కువ మార్కులు. చిట్టీలు కట్టే ఇంట్లో పెరిగాను మరి.

చట్టసభ సీట్లను జనాభాను బట్టి పంచే పాఠం దగ్గరే కుప్పకూలాను. హామిల్టన్ పద్ధతిలో జనాభాను బట్టి వాటా కట్టి, ముందు పూర్ణసంఖ్య మేరకు సీట్లు ఇవ్వాలి. మిగిలినవి దశాంశ భాగం ఎక్కువున్నవారికి వరసగా వెళ్తాయి. హోంవర్క్‌లో మూడు ఊళ్లు, జనాభా 6 వేలు, 6 వేలు, 2 వేలు. 10 సీట్లయితే వాటాలు 4.29, 4.29, 1.43, మిగిలిన సీటు చిన్న ఊరికి పోయి దానికి 2 వచ్చాయి. 11 సీట్లయితే 4.71, 4.71, 1.57, మిగిలిన రెండూ పెద్ద ఊళ్లకే పోయి చిన్న ఊరికి 1 దక్కింది. మొత్తం సీట్లు పెరిగితే ఒకరికి వచ్చే సీట్లు తగ్గడం ఏమిటి?

ట్యూటరింగ్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి ట్యూటర్ నాకన్నా పదేళ్లు చిన్నవాడు, నా కాగితం చూడకుండానే "ముందు దశాంశాలు నేర్చుకోండి" అన్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు తలలు తిప్పి చూశారు. కారులో కూర్చుని ఏడ్చాను. పరీక్షలోనూ అలాంటి లెక్కే వచ్చింది. 1 అని రాశాను. ఆ మాట గుర్తొచ్చి, రబ్బరుతో చెరిపి 2 చేశాను. పేపరు తిరిగొచ్చింది. మసకగా మిగిలిన ఆ 1 చుట్టూ ప్రొఫెసర్ ఎర్ర సిరాతో గుండ్రంగా గీసి "ఇదే సరైనది" అని రాశారు. మార్కులు మాత్రం పోయాయి.

ఆయన గదికి వెళ్తే విషయం చెప్పారు. 1880 జనాభా లెక్కల తర్వాత, అమెరికా ప్రతినిధుల సభకు 299 సీట్లు అనుకుంటే అలబామా రాష్ట్రానికి 8, 300 అనుకుంటే 7 వచ్చాయట. దానికి అలబామా పారడాక్స్ (అలబామా వైరుధ్యం) అనే పేరే ఉంది. లోపం నా దశాంశాలలో లేదు, పద్ధతిలోనే ఉంది! ఎదుటి మనిషి కాగితం చూసే ఓపిక లేనివాడిని ట్యూటర్ కుర్చీలో కూర్చోబెట్టకూడదు. సందేహం వస్తే నేరుగా ప్రొఫెసర్ దగ్గరకే వెళ్లండి.

మొన్న మా తమ్ముడు ఫోనులో డీలిమిటేషన్ (లోక్‌సభ సీట్ల పునర్విభజన) గురించి మాట్లాడుతూ, "మొత్తం సీట్లు పెంచితే ఎవరికీ నష్టం ఉండదు కదా అక్కా" అన్నాడు. "ఏ పద్ధతిలో పంచుతారో ముందు అడుగు" అని, ఆ పరీక్ష పేపరు ఫోటో తీసి పంపాను. మూడు ఊళ్ల లెక్క వాడి చేత కట్టించేసరికి గంట పట్టింది.