మా అమ్మాయి గోడ మీద 34 పేర్లు

"ప్రతిదీ అప్లికేషన్‌లో పెట్టాలా నాన్నా? దీన్నొక్కదాన్ని వదిలెయ్, ప్లీజ్." మా పెద్దది అన్న ఈ మాట వారం నుంచీ నన్ను తొలుస్తూనే ఉంది. పదకొండో క్లాసు చదివే పిల్ల ఉన్న ఇంట్లో కాలేజీ అప్లికేషన్ అనే మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తను వదిలెయ్యమన్నది బేస్‌బాల్‌ని. తనేమీ ఆడదు. చిన్నప్పుడు సాఫ్ట్‌బాల్‌లో చేర్పిస్తే, బ్యాట్ పట్టుకోవడం కంటే బెంచీ మీద కూర్చుని స్కోర్‌బుక్ రాయడమే బాగుందని చెప్పి ఆ సీజన్‌తోనే ఒక దండం పెట్టేసింది. తన పిచ్చంతా యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ టీమ్ మీద, అంటే మా ఆస్టిన్ లాంగ్‌హార్న్స్ మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే వాళ్లు ఆడే మ్యాచ్‌ల కన్నా, వచ్చే సీజన్‌కి టీమ్‌లో ఎవరుంటారు, ఎవరు వెళ్లిపోతారు, ఆ ఖాళీలో ఎవరొస్తారు అనే లెక్క మీద.

తన గదిలో మంచానికి ఎదురు గోడంతా ఇండెక్స్ కార్డులే. పైన ఔట్‌ఫీల్డర్లు, మధ్యలో ఇన్‌ఫీల్డర్లు, కింద ప్లగ్గు పక్కన క్యాచర్లు, అటువైపు తలుపు దాకా పిచ్చర్లు, అంటే బంతి వేసేవాళ్లు. ఎడమచేతి పిచ్చర్ల పేర్లు నీలం పెన్నుతో, కుడిచేతి వాళ్లవి నల్ల పెన్నుతో. టీమ్ వదిలి వెళ్లినవాళ్ల కార్డులు తీసి పారెయ్యదు, తిప్పి అంటిస్తుంది. పై వరసలో ఒక కార్డు సరిగ్గా ఏసీ గాలి వచ్చే చోట పడింది, దాని మూల ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది, టేపు మీద టేపు వేసి వేసి అక్కడ గోడ రంగు కూడా ఊడింది. (రంగు సంగతి వాళ్లమ్మ ఇంకా చూడలేదు.) మొన్న వీడియో కాల్‌లో మా అమ్మ హన్మకొండ నుంచి ఆ గోడ చూసి, "గీ పోరగాండ్ల పేర్లు గోడకెందుకు అంటించినవ్ బిడ్డా?" అని అడిగితే, ఇది ఒక్కొక్కడి గురించీ వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. అమ్మకు భయం పోవడానికి బదులు ఇంకా ఎక్కువైంది.

నిరుడు, అంటే 2025లో, ఈ టీమ్ 44 మ్యాచ్‌లు గెలిచి 14 ఓడింది. ఎస్‌ఈసీ అనే మహా గట్టి కాన్ఫరెన్స్‌లోకి, అంటే కాలేజీల లీగ్‌లోకి, వచ్చిన మొదటి ఏడాదే 22-8తో అందరికంటే పైన నిలబడింది. దేశం మొత్తంలో రెండో సీడ్. తీరా అసలు టోర్నమెంట్ వచ్చేసరికి, మా సొంత గ్రౌండ్‌లోనే, పక్కనున్న శాన్ ఆంటోనియో నుంచి వచ్చిన యూటీఎస్‌ఏ కుర్రాళ్ల చేతిలో ఓడి ఇంటిదారి పట్టారు. ఆ రాత్రి మా పిల్ల అన్నం సరిగ్గా తినలేదు. మర్నాటి నుంచీ కార్డులు తిప్పడం మొదలు. మ్యాక్స్ బెల్యూని కొలరాడో రాకీస్ వాళ్లు డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) తీసుకున్నారు, ఆ కార్డు తిరిగింది. క్యాచర్ గాల్వన్, షార్ట్‌స్టాప్ ఫ్లోరెస్ కూడా అంతే, కాలేజీ ఆట ముగించి వెళ్లిపోయారు. గాస్పరీనో, కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరిచ్చి యూసీఎల్‌ఏకి మారాడు. అదే పోర్టల్ నుంచి నోటర్ డేమ్‌లో ఆడుతున్న క్యాచర్ కార్సన్ టిన్నీ వచ్చాడు, సీటన్ హాల్‌లో నిరుడు 0.422 సగటుతో (అంటే పదిసార్లు బ్యాటింగ్‌కి దిగితే నాలుగుసార్లకు పైగా హిట్) కొట్టిన ఏడెన్ రాబిన్స్ వచ్చాడు. నిరుడు ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటి ఏడాది విద్యార్థిగా, ఆడిన ఏడ్రియన్ రోడ్రిగెజ్ షార్ట్‌స్టాప్‌కి జరుగుతాడట. ఈథన్ మెండోజా భుజం గాయంతో నిరుడు చాలావరకు బ్యాటింగ్‌కే పరిమితమయ్యాడు, ఈసారి సెకండ్ బేస్‌లో నిలబడితే సగం చింత తీరినట్టేనట. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? కారులో ఇంకేం మాట్లాడుకుంటాం మరి. స్కూల్లో ఏం జరిగిందంటే 'ఏం లేదు' అంటుంది, రోడ్రిగెజ్ గురించి అడిగితే ఇల్లు వచ్చేదాకా ఆపదు.

నాకు ఆసక్తి పుట్టింది మాత్రం ఆట దగ్గర కాదు, సంఖ్య దగ్గర. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ మీద నడిచిన పెద్ద కేసు ఒకటి 2025 జూన్‌లో సెటిల్‌మెంట్‌తో ముగిసింది. దాంతో ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలు బేస్‌బాల్ టీమ్‌లో 34 మందినే ఉంచుకోవాలి, పాతవాళ్లలో కొందరికి మినహాయింపు ఉందనుకోండి. ఇదివరకు లెక్క వేరు. 11.7 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, వాటినే ముక్కలు చేసి ఇరవై మందికి పైగా పంచేవారు. ఇప్పుడు తలుచుకుంటే 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, ముప్ఫై అయిదోవాడికి మాత్రం చోటే లేదు. దీనికి తోడు 2021 నుంచి ప్రొఫెషనల్ డ్రాఫ్ట్ 40 రౌండ్ల నుంచి 20కి తగ్గింది, కాబట్టి పైకి వెళ్లే దారి ఇరుకై కాలేజీలోనే ఆగేవాళ్లు ఎక్కువయ్యారు. పైగా వేరే కాలేజీలో బాగా ఆడిన ఇరవై రెండేళ్లవాడు పోర్టల్‌లో దొరుకుతుంటే, హైస్కూల్ నుంచి వచ్చే పద్దెనిమిదేళ్లవాడికి చోటెవడిస్తాడు? ఇది విన్నాక నేను మంచినీళ్లయినా తాగకుండా ల్యాప్‌టాప్ తెరిచి ఎంతమంది వస్తున్నారు, ఎంతమంది పోతున్నారు, ఎన్ని మిగులుతాయి అని ఎక్సెల్‌లో వేశాను. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సీట్లు లెక్కపెట్టిన చెయ్యి కదా, ఊరుకోదు. తను వెనక నిలబడి చూసి, నేను వేసిన ఫార్ములాలో తప్పు పట్టింది. డ్రాఫ్ట్ జులైలో ఉంటుంది కాబట్టి, కాలేజీకి సంతకం చేసిన హైస్కూల్ కుర్రాళ్లలో ఎవరు నిజంగా వస్తారో జులై ఆఖరు దాకా తేలదు, కాలేజీలో చేరినవాడు మూడేళ్లు చదివేదాకానో ఇరవై ఒకటి నిండేదాకానో మళ్లీ డ్రాఫ్ట్‌కి పనికిరాడు, ఈ రెండూ నువ్వు పెట్టలేదు అంది.

అక్కడే నా బుర్రలో లైటు వెలిగింది, అదే కొంప ముంచింది. ఇంత తెలిసిన పిల్ల దీని మీద ఎస్సే రాస్తే ఎలా ఉంటుంది! ఆస్టిన్‌లో పెరిగిన తెలుగమ్మాయి, ఆట ఆడదు, కానీ టీమ్ ఎలా కట్టాలో తెలుసు. స్పోర్ట్స్ ఎనలిటిక్స్ అని ఒక దారే ఉంది. వేసవిలో ఏదైనా ల్యాబ్‌లో ప్రాజెక్టు, గిట్‌హబ్‌లో కోడు, కోచ్‌కి ఒక ఈమెయిలు... నేను అలా చెప్పుకుంటూ పోతున్నాను, తను కార్డు మీద టేపు నొక్కుతూ వింటోంది. విని విని, "నువ్వు చెప్తుంటే నాకే ఇది హోంవర్క్‌లా అనిపిస్తోంది" అంది. తర్వాతే పైన రాసిన ఆ మాట.

నేను వెంటనే ఒప్పుకున్నానని మీరు అనుకుంటే నా సంగతి మీకు తెలియదన్నమాట. వాదించాను. టెక్సాస్‌లో ఉండేవాళ్లకు తెలుసు, యూటీలో (అదే, యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ఆటోమేటిక్ అడ్మిషన్ ఇదివరకు క్లాసులో మొదటి ఆరు శాతానికి ఉండేది, 2026లో చేరేవాళ్ల నుంచి అయిదు శాతం చేశారు. మా వైపు స్కూళ్లలో ఆ అయిదు శాతం అంటే దశాంశ స్థానాల్లో కొట్లాట. ఆ గీతకి అవతల పడితే ఎస్సేలు, యాక్టివిటీలే గతి. కూచిపూడి పెట్టాం, ఫుడ్ బ్యాంక్ గంటలు పెట్టాం, తెలుగు క్లాసు పెట్టాం, ఇవన్నీ పక్కింటి పిల్లకూ ఉన్నాయి, ఎదురింటి పిల్లకూ ఉన్నాయి. ఈ పిల్లకు మాత్రమే ఉన్నది ఇదొక్కటే, అది పెట్టనంటుంది! కూచిపూడి విషయం మీకో మాట చెప్పాలి. అది తనకు నచ్చిందా అని మేమెప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు, ఫామ్‌లో ఎన్ని ఏళ్లు అని అడిగే గడి మాత్రం మాకు ముందే తెలుసు.

మా ఆవిడ ఇదంతా వంటింట్లోంచి విని ఒక్క ముక్క అంది: "మీరు తెల్లారుజామున లేచి ఐపీఎల్ చూస్తే అది కాలక్షేపం, అది బేస్‌బాల్ చూస్తే మాత్రం దానికి కెరీర్ కావాలా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి నేను మా పిల్ల కంటే అన్యాయం. 1987లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు నేను బడిపిల్లాణ్ని. ఎం.వి. నరసింహారావు కెప్టెన్, ఢిల్లీని ఢిల్లీలోనే, కోట్లా గ్రౌండ్‌లో మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో ఓడించారు. ఆ సీజన్లోనే తమిళనాడు మీద అబ్దుల్ అజీమ్ 303 నాటౌట్. పేపర్లో వచ్చిన స్కోర్‌కార్డులు కత్తిరించి పాత లెక్కల నోటుబుక్కులో అంటించేవాణ్ని, వచ్చే ఏడాది టీమ్‌లో ఎవరుంటారో నేనే రాసుకునేవాణ్ని కూడా. మా నాన్న చూసి, "ఇది బువ్వ పెడ్తదారా?" అనేవాడు. పెట్టలేదు. పెట్టాలని నేనూ అనుకోలేదు. కాకపోతే మా నాన్న పద్ధతే నయమేమో అని ఇప్పుడు అనిపిస్తుంటుంది. ఆయన పనికిరాదని తేల్చి వదిలేశాడు, దాంతో ఆ నోటుబుక్కు నాకే మిగిలింది. నేనేమో మంచి తండ్రిని కదా, పిల్లకు నచ్చినదాన్ని గౌరవిస్తాను, ప్రోత్సహిస్తాను, దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను, అంతలో అది నా ప్రాజెక్టు అయిపోతుంది.

ఇక్కడ పిల్లల్ని పెంచుతున్నవాళ్లకు ఒక సలహా ఇద్దామనే ఇది మొదలుపెట్టాను. పిల్లల జీవితంలో ఏదో ఒకటి ఫామ్‌కి ఎక్కకుండా వదిలెయ్యండి అని. రాస్తుంటే చాలా బాగుంది ఈ మాట. కానీ రేపు డిసెంబర్‌లో అప్లికేషన్ పంపించాక, మార్చిలో 'సారీ' అని ఉత్తరం వస్తే, అప్పుడు ఈ సలహా ఇచ్చినవాణ్ని నేనే తిడతాను. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు, తాతల నాటి నుంచి ఇదే ఊళ్లో ఉన్నవాళ్లకు చెల్లే నిశ్చింత మనకు చెల్లుతుందా? లేక చెల్లదని మనమే అనుకుని, వీసా రోజుల్లో పట్టుకున్న టెన్షన్‌ని గ్రీన్ కార్డు వచ్చాక కూడా వదలకుండా పిల్లలకు పంచుతున్నామా? ఒక రోజు మొదటిది నిజమనిపిస్తుంది, ఒక రోజు రెండోది. ఏ రోజు ఏది అనేది ఆ రోజు వాట్సాప్‌లో ఎవరి పిల్లకు ఎక్కడ అడ్మిషన్ వచ్చిందనే దాని మీద ఆధారపడుతుంది, అంత స్థిరమైన మనిషిని నేను.

కోచ్ ష్లాస్‌నేగల్ సంగతే చూడండి. 2024లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ టీమ్‌ని ఒమాహాలో జరిగే జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, టెనెసీ చేతిలో ఓడారు, మర్నాడే ఆ టీమ్ ఆగర్భ శత్రువైన మా టీమ్‌కి మారిపోయాడు. అప్పుడు మా పిల్ల అది తప్పంది. ఆఫర్ వస్తే ఎవరైనా మారతారమ్మా, నేను మారలేదా అన్నాను. నువ్వు మారింది డబ్బు కోసమా, మా కోసమా అని అడిగింది. రెండూ అన్నాను. ఆయనా అదే చెప్తాడేమో అంది. ఇలాంటి పిల్లతో ఎస్సే గురించి వాదించి నేనెలా గెలుస్తాను.

ప్రస్తుతానికి మా మధ్య ఒప్పందం ఏంటంటే, ఆగస్టులో అప్లికేషన్లు తెరిచేదాకా నేను ఆ ఊసు ఎత్తను, దానికి బదులు తను నన్ను గదిలోకి రానిస్తుంది. ఎనలిటిక్స్ కోర్సు పేజీ ఒకటి నా ఫోన్లో తెరిచే ఉంది, అది ఒప్పందం కిందకి రాదు.

2026 ఫిబ్రవరి 13, శుక్రవారం సీజన్ మొదలు. చివరిసారి మా వాళ్లు టైటిల్ గెలిచింది 2005లో, మొత్తం ఆరు. ఈసారి తేలాల్సిందల్లా డిలన్ వోలాంటిస్ విషయం. ఎడమచేతి పిచ్చర్, నిరుడు ఫ్రెష్‌మన్‌గానే మ్యాచ్ చివర్లో దిగి 12 గెలుపులు కాపాడాడు, ఎస్‌ఈసీలో ఆ ఏటి ఉత్తమ ఫ్రెష్‌మన్ వాడే. ఇప్పుడు వాణ్ని స్టార్టర్‌ని, అంటే మ్యాచ్ మొదటి నుంచీ బంతి వేసేవాణ్ని, చేస్తారంటున్నారు. వారాంతంలో మూడు మ్యాచ్‌లుంటే ఒకదాంట్లో, ఉన్న తొమ్మిదిలో ఆరు ఇన్నింగ్స్ వెయ్యగలిగినవాణ్ని రెండు ఇన్నింగ్స్ కోసం దాచుకోవడం దండగ అని మా పిల్ల వాదన. స్టార్టర్లకు లూక్ హారిసన్ ఉన్నాడు, రియోహాస్ ఉన్నాడు, వాళ్లు చాలు అని నేను. మొదట్లో ఎవడైనా వేస్తాడు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఆధిక్యం ఉండి ముగ్గురు బేసుల మీద నిలబడితే అప్పుడు ఎవర్ని దింపుతావ్ అని అడిగాను. ఆలోచించి చెప్తానని పోయి గోడ ముందు నిలబడింది. ఇంకా చెప్పలేదు.