టన్నులు ఒక నివేదికలో, డబ్బు ఇంకో పుస్తకంలో

సెలవు రోజు. పొద్దున్నే మున్సిపాలిటీ వార్షిక లెక్కలు ముందేసుకుని కూర్చుంటే, లేచేసరికి మధ్యాహ్నం దాటింది. అదంతా స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్. కొన్ని పేజీలు అడ్డంగా తిరిగి ఉన్నాయి, కొన్నింట్లో కుడివైపు కాలమ్ సగం తెగిపోయింది. ఏదైనా మాట వెతుకుదామంటే అవి అక్షరాలు కావు, బొమ్మలు. అంకెలన్నీ నేనే ఒక్కొక్కటిగా ఎక్సెల్‌లో కొట్టుకున్నాను. లెక్కలు బయట పెట్టామని కౌన్సిల్‌లో చెబుతున్నది నిజమే. చదవగలిగేలా మాత్రం పెట్టలేదు.

నాకు కావాల్సింది ఒకే ఒక్క సంగతి. ఏడాది మొత్తం మీద చెత్త ఎత్తి, తరలించి, శుద్ధి చేయడానికి టన్నుకు ఎంత పడింది?

పారిశుద్ధ్యం పద్దు కింద జీతాలున్నాయి. బండ్ల డీజిలు రవాణా పద్దులో ఉంది. రిపేర్లు ఇంజినీరింగ్ విభాగం ఖాతాలో పడ్డాయి. కాంట్రాక్టరుకు కట్టిందంతా 'అవుట్‌సోర్సింగ్ సేవలు' అన్న ఒక్క లైనులో ఉంది, పార్కుల నిర్వహణ, వీధి దీపాల ఖర్చు కూడా అందులోనే కలిసిపోయాయి. ఇక టన్నుల ఊసు ఈ పుస్తకంలో లేనే లేదు. అది కాలుష్య నియంత్రణ మండలికి పంపే నివేదికలో ఉంటుంది, ఆ నివేదికలో డబ్బు ఉండదు. రెండూ ఎవరైనా చూడగలిగే కాగితాలే. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టిన పేజీ మాత్రం ఎక్కడా కనబడలేదు. నాకు కోపం తెప్పించింది ఇదే. ఎవరూ అబద్ధం చెప్పకుండానే జనానికి ఏమీ తెలియకుండా పోతోంది.

ఇదేమీ చిల్లర పద్దు కాదు. తక్కువ ఆదాయ దేశాల్లో మున్సిపల్ బడ్జెట్‌లో సగటున 20 శాతం దాకా చెత్త నిర్వహణకే పోతోందని ప్రపంచ బ్యాంకు 2018లో లెక్కగట్టింది. మధ్య ఆదాయ దేశాల్లో కూడా అది 10 శాతానికి పైనే. ఇంత ఖర్చు చేస్తున్న పనికి టన్ను ధర చెప్పలేకపోతే ఆ ఖర్చు ఎక్కువో తక్కువో ఎలా తేలుతుంది? ఒక్కోసారి తక్కువ కావడమే ప్రమాదం. చవగ్గా పూర్తయిందంటే శుద్ధి చేయకుండా ఎక్కడో కుప్ప పోసి ఉండొచ్చు.

మధ్యాహ్నం పక్కింటి బాబాయి గారు వచ్చారు. ఆడిట్‌లో పనిచేసి రిటైరైన మనిషి. నా ఎక్సెల్ షీటు కాసేపు చూసి, "ఇదంతా పైపై లెక్కమ్మా. వేబ్రిడ్జి చీటీలు, అదే, బండ్లను తూచే కాటా చీటీలు, అడిగావా?" అన్నారు.

"వాటిలో ఏముంటుంది బాబాయి గారూ, బరువే కదా?"

"బరువే. కానీ రెండుసార్లు ఉంటుంది. లోడుతో ఒకసారి, ఖాళీ చేశాక ఒకసారి. తీసేస్తే మిగిలేది చెత్త. ఆ ఖాళీ బరువు నెలల తరబడి ఒక్క కిలో కూడా మారకుండా ఉందనుకో, ఆ బండిని మళ్లీ తూచలేదన్నమాట. పాత అంకే వేసుకుంటూ పోతున్నారు. ట్యాంకులో డీజిలు తగ్గినా, అడుగున బురద పట్టినా బరువు మారాలి కదమ్మా. తర్వాత టైము చూడు. అదే బండి పావుగంటలో రెండు ట్రిప్పులు వేసినట్టుంటే, ఊరి ఆ చివర నుంచి ఎలా వచ్చిందని అడుగు."

నాకు నోట మాట రాలేదు. పొద్దున్నించీ కోట్ల అంకెలతో కుస్తీ పడుతున్నాను. నిజం దొరికేది మాత్రం అరచేతిలో పట్టే ఆ కాగితం ముక్కలోనట.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. ముందు కాంట్రాక్టు చదవాలట. టన్నుకు ఇంత అని రాసుకుంటే బరువు పెంచాలనే ఆశ పుడుతుంది. మట్టి, కూల్చిన గోడల రాళ్లు అన్నీ చెత్తలోకే చేరతాయి. ట్రిప్పుకు ఇంత అంటే బండ్లు సగం నిండకుండానే బయల్దేరతాయి. నెలకు ఇంత అని ఒకే మొత్తం కడుతుంటే, బండి రాని రోజులకు బిల్లులో కోత పడిందా లేదా అన్నది చూడాలి. అంటే ఏం అడగాలో తేల్చేది కాంట్రాక్టే. దాన్ని అడిగితే 'వాణిజ్య రహస్యం' అని తప్పించుకోవడం మామూలే. 2005 సమాచార హక్కు చట్టంలో అలాంటి మినహాయింపు ఉన్న మాట నిజం. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అక్కడే ఉంది కూడా. అదే చట్టం పని జరిగే చోటుకు వెళ్లి చూసే హక్కు, వాడిన సరుకు శాంపిల్ ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. వీటి సంగతి చాలామందికి తెలియదు. బడ్జెట్ కేటాయింపులు, చేసిన చెల్లింపులు ఎవరూ అడగకముందే ప్రకటించాలని నాలుగో సెక్షన్ చెబుతుంది.

యూరప్ దేశాలు 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో చేసుకున్న ఒప్పందం ఇంకో అడుగు ముందుకు వేసింది. పర్యావరణ నిర్ణయాలకు వాడిన ఖర్చు-ప్రయోజనాల లెక్కలను కూడా అది పర్యావరణ సమాచారంగానే గుర్తించింది. నాకు బాగా నచ్చింది ఇది. గాలి, నీరు, చెత్త ఒకవైపు, వాటికైన డబ్బు ఇంకోవైపు అని విడదీయడానికి అక్కడ వీలు లేదు.

మూసేసిన డంపింగ్ యార్డు సంగతి మరీ దారుణం. చెత్త పోయడం ఆపేసినా లోపల కుళ్లడం ఆగదు. మీథేన్ వస్తూనే ఉంటుంది, మురుగు ఊరుతూనే ఉంటుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 1999 నాటి ల్యాండ్‌ఫిల్ నిబంధనల్లో, మూసేశాక కనీసం 30 ఏళ్ల సంరక్షణకయ్యే ఖర్చును కూడా చెత్త పోసేటప్పుడు వసూలు చేసే ధరలోనే కలపమంది. ఈ పీడీఎఫ్‌లో ఆ బాధ్యతకు ఒక్క లైను కూడా లేదు. ఇప్పటి పిల్లలు పెద్దయ్యాక కట్టాల్సిన అప్పు ఇది, ఏ ఖాతాలోనూ రాయలేదు.

సాయంత్రం మా వీధి ఊడ్చే ఆవిడ ఎదురైతే కాసేపు నిలబడి మాట్లాడాను. "జీతంలో పీఎఫ్ అని కోస్తారమ్మా. ఎందులో కడతారో మాకు చీటీ ఇవ్వరు. మేస్త్రిని అడిగితే ఆఫీసులో అడగమంటాడు" అంది. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఈ వార్డుకు ఎంతమంది పేర్లున్నాయో ఆమెకూ తెలియదు. కలిసి పనిచేసే వాళ్ల పేర్లు గడగడా చెప్పింది, ఒక్కరిని కూడా మర్చిపోలేదు.

1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీలు, రైతుల సంఘం వాళ్లు ఇలాంటి పేర్లనే సరిచూశారు. పంచాయతీ పనుల బిల్లులు, మస్టర్ రోల్స్ ఊరి జనం మధ్య పైకి చదివారు. ఆ పనులు, ఆ పేర్లు నిజమో కాదో ఊరివాళ్లే చెప్పారు. సమాచార హక్కు చట్టం వెనుక ఆ సభలున్నాయి. మస్టరును వార్డు సభలో పైకి చదివితే చాలు, ఏ పేరుకు మనిషి లేడో ఈవిడ అక్కడికక్కడే చెప్పేస్తుంది. పీఎఫ్ చలాను కూడా దానికి జత చేస్తే ఆమె డబ్బు ఎక్కడుందో ఆమెకూ తెలుస్తుంది.

రాత్రి దరఖాస్తు రాశాను. బాబాయి గారు చదివి, అన్నీ కావాలంటే ఏదీ రాదని సగం కొట్టేయించారు. మిగిలినవి ఇవి: చెత్త కాంట్రాక్టు ఒప్పందం పూర్తి ప్రతి, ఏదైనా ఒక నెల వేబ్రిడ్జి చీటీలన్నీ, అదే నెల బిల్లు, అదే నెల మా వార్డు మస్టరు, దాని పీఎఫ్ చలాను. అన్నీ ఒకే నెలవి. రేపు ఆఫీసు తెరవగానే ఇచ్చి రసీదు తీసుకోవాలి.