క్రాస్ అంచుతో పేచీ

ఆదివారం. మధ్యాహ్నమంతా బొంతకి గాలిమర బ్లాకులే. ఒక్కో బ్లాకులో నాలుగు చదరాలు, ప్రతి చదరం ఏటవాలుగా సగం ముదురు, సగం లేత. 6 అంగుళాల బ్లాకులు 16 కలిస్తే 24 అంగుళాల బొంత పైభాగం. ముదురు అరమీటరు, లేత అరమీటరు సరిపోతాయి. కలంకారీ వాడితే ముందే తడిపి ఆరేయాలి, లేకపోతే ఎరుపు తెల్లగుడ్డకి అంటుతుంది.

త్రికోణాలు కావాలి కదా అని ముందే త్రికోణాలుగా కోయకూడదు. ఏటవాలుగా కోసిన అంచు క్రాస్ అంచు. జాకెట్టుని క్రాస్‌లో కోసేది ఒంటికి తగ్గట్టు సాగాలనే. ఇక్కడ ఆ సాగడమే కొంప ముంచుతుంది. ముందు కుట్టు, తర్వాత కత్తెర.

కుట్టాక 3 అంగుళాలు తేలే చదరానికి లెక్క ప్రకారం 3-7/8 కోయాలి. నేను 4 కోస్తాను, మిగిలింది చివర్లో కత్తిరించేయొచ్చు. పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ అయితే కదలదు. ముదురు, లేత చదరాలు మంచివైపులు కలిపి పెట్టి, మూల నుంచి మూలకి పెన్సిల్ గీత. గీతకి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో రెండు కుట్లు. మొదట్లో మెషిన్ మూలని లోపలికి లాక్కుంటుంది కాబట్టి ఒక పనికిరాని ముక్క మీద కుట్టు మొదలుపెట్టి చదరం మీదికి రావాలి. గీత మీద కోస్తే రెండు ముక్కలొస్తాయి, ఒక్కోటీ తెరిస్తే సగం ముదురు, సగం లేత చదరం.

ఇస్త్రీపెట్టెని తోయకూడదు, ఎత్తి పెట్టాలి. తోస్తే చదరం కాస్తా పక్కకి వాలిపోతుంది. ముందు మూసి ఉండగానే కుట్టు మీద ఒకసారి, తర్వాత తెరిచి మడతని ముదురు వైపుకి. లేత వైపుకి పడితే పైకి నీడలా కనిపిస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ని 3-1/2 అంగుళాల చదరంగా కోసి, దాని మీద మూల నుంచి మూలకి గీత గీసుకుంటే మంచి అచ్చు. ఆ గీతని కుట్టు మీద ఆనించి నాలుగు వైపులా కత్తిరించడమే. ప్రతి వైపూ పావు అంగుళం కుట్టులోకి పోయి 3 మిగులుతుంది. విసుగు పనే, కానీ ఇది మానేస్తే తర్వాత ఏదీ కలవదు.

పావు అంగుళం అన్నానే, నిజానికి దారం మందమంత తక్కువే కుట్టాలి, మడత కొంత తినేస్తుంది. కుట్టు 1/16 ఎక్కువైతే రెండు ముక్కల నుంచీ కలిపి 1/8 పోతుంది. ఎనిమిది చదరాల వరసలో ఏడు కుట్లు, అంటే 7/8 అంగుళం కురచ. పక్క వరసకి అంత తేడా ఉంటే ఎంత లాగి కుట్టినా ముడతే.

నాలుగు చదరాలూ కలిపేటప్పుడు త్రికోణాల మొనలు కుట్టులో పోతాయి. వెనకవైపు రెండు కుట్లు ఒకదాన్నొకటి దాటే చోటు మీదుగానే సూది వెళ్లాలి. మధ్యలో గుడ్డ పొరలు పోగుపడి బుడిపెలా లేస్తుంది. అక్కడ కుట్టు అంచులోని రెండు మూడు కుట్లు విప్పి, మడతల్ని చక్రంలా గుండ్రంగా ఒకే దిక్కుకి తిప్పి ఇస్త్రీ చేస్తే అణిగిపోతుంది.