ఉప్పు నీళ్లలో నల్ల ఈస్ట్: నా అనుభవం

ఉప్పుమడుల్లో ఉండేంత ఉప్పులో శిలీంధ్రాలు (బూజు, ఈస్ట్ లాంటివి) బతకవని చాలాకాలం అనుకున్నారు. స్లొవేనియాలోని సెచోవ్లే ఉప్పుమడుల్లో నల్ల ఈస్ట్‌లు నిజంగానే కాపురం ఉంటున్నాయని 2000లో శాస్త్రవేత్త నీనా గుండే-త్సిమెర్మాన్ బృందం చూపించింది. అది చదివాక వాటిలో ఒకటైన హోర్టియా వెర్నెకీని నా కళ్లతో చూడాలనిపించి, ప్రాజెక్టుకు దాన్నే తీసుకున్నాను.

మొదటి తలనొప్పి మీడియా, అంటే ఈస్ట్‌ను పెంచడానికి ప్లేట్లలో పోసే ఆహారం. ఉప్పు బాగా ఎక్కువైతే, దాన్ని గడ్డకట్టించే జెల్లీ లాంటి అగర్ సరిగ్గా కరగదు. అందుకే రెండూ వేర్వేరుగా ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో సూక్ష్మజీవులు లేకుండా చేసి), వేడి మీదే కలిపి ప్లేట్లలో పోశాను. బ్యాక్టీరియా పెరగకుండా క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ వేశాను. ఉప్పుమడి నీళ్లు వడగట్టిన ఫిల్టర్‌ను ప్లేటు మీద పరిచాను.

అసలు కష్టం ఎదురుచూడటంలో ఉంది. మామూలు బూజు కొద్ది రోజుల్లోనే ప్లేటంతా కమ్మేస్తుంది, వీటికి వారాలు పడుతుంది. ఈలోగా అగర్ ఎండిపోయి ఉప్పు స్ఫటికాలు కడుతుంటే టెన్షన్ మొదలవుతుంది. ప్లేట్లకు పారాఫిల్మ్ (సాగే పలచటి మైనపు పొర) చుట్టి, సంచిలో పెట్టి ఉంచండి. ఏమీ రాలేదని తొందరపడి పారేయకండి, దయచేసి.

చివరికి నల్లగా, జిగటగా మెరిసే చుక్కలు కనిపించాయి. ఆ ఆనందం చెప్పలేను! రంగు చూసి పేరు పెట్టేయకూడదు కాబట్టి శిలీంధ్రాల జాతిని గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని సీక్వెన్స్ చేయించాను. హోర్టియానే.

దాన్ని ఉప్పు వేయని ప్లేటు నుంచి 25 శాతం ఉప్పు ప్లేటు దాకా వరసగా నాటాను. సముద్రపు నీటిలో ఉప్పు 3.5 శాతమే అని గుర్తుంచుకోండి. అన్నిటిలోనూ పెరిగింది, కాకపోతే ఉప్పు మరీ పెరిగినచోట కాలనీలు చిన్నవి. బయటి ఉప్పు కణంలోని నీటిని లాగేస్తుంది. దానికి విరుగుడుగా హోర్టియా లోపల గ్లిసరాల్ తయారుచేసి నింపుకుంటుంది. గ్లిసరాల్ చిన్న అణువు, ఇట్టే బయటికి కారిపోతుంది. కణకవచంలోని మెలనిన్ అనే నల్లటి రంగుపదార్థం సందులు బిగించి దాన్ని లోపలే ఆపుతుంది. నేను చూసిన నలుపు ఆ మెలనిన్‌దే. లోపలికి చొరబడిన సోడియాన్ని (ఉప్పులో ఉండేదే) కణపొరలోని పంపులు బయటికి తోసేస్తుంటాయి. ఇన్ని పనులకూ శక్తి కావాలి. ఎదుగుదల అంత నెమ్మదిగా సాగడానికి అదొక కారణమని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు వాలెమియా ఇక్థియోఫాగా అనే మరో శిలీంధ్రం కోసం ప్లేట్లు పెట్టాను. ఇది మరీ మొండిది. దాదాపు 10 శాతం ఉప్పు లేనిదే పెరగదు. అందుకని శాంపిల్‌ను పలచన చేసే నీళ్లలో కూడా ఉప్పు కలుపుతున్నాను.