చెర్వుగట్టుకు పోయొచ్చేలోపు దాటిపోయిన 48 గంటలు

గురువారం రాత్రి ఎనిమిదీ నలభైకి 1,199 రూపాయలు కట్టాను. టైము ఇంత పక్కాగా ఎందుకు గుర్తుందంటే, తర్వాత దాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. నల్లగొండలో రామగిరి దగ్గర ఉంటాం. అమ్మ బట్టలు కుడుతుంది. నేను పీజీ అయిపోయి గ్రూప్స్‌కూ బ్యాంకు పరీక్షలకూ చదువుతున్నాను. అసలు పరీక్షలో మాకు ప్రశ్నలు చదివి, మేం చెప్పిన జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ ఉంటాడు, గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తారు. ప్రాక్టీసుకు మాత్రం ఎవరు దొరుకుతారు? అమ్మ మిషన్ ఆపి ప్రశ్నలు చదివితే ఆ రోజు ఇవ్వాల్సిన జాకెట్లు ఆగిపోతాయి. అందుకే మాక్ టెస్టుల యాప్ ఒకటి కొందామనుకున్నాను. ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంది. స్క్రీన్ మీద ఏముంటే అది చదువుతుంది; వేలు కుడివైపుకు జరిపితే తర్వాతి దాని మీదికి పోతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి బస్ టికెట్ దాకా దానితోనే నెట్టుకొస్తున్నాను.

గుడ్డిగా కొనలేదు. (ఆ మాట నేను అనుకుంటే తప్పు లేదు.) ముందు ఉచిత టెస్టు రాసి చూశాను. పది ప్రశ్నలు, పదింటినీ టాక్‌బ్యాక్ గడగడా చదివింది. బటన్లు కూడా పేర్లతో పలికాయి. ఇంకేం కావాలని ఏడాది ప్యాక్ తీసేసుకున్నాను.

మరునాడు అమావాస్య. అమ్మకు చెర్వుగట్టు మొక్కు ఉంది. శుక్రవారం సాయంత్రం పోయి, అందరిలాగే రాత్రి గట్టు మీదే పడుకుని, జడల రామలింగేశ్వరుణ్ణి దర్శనం చేసుకుని శనివారం మధ్యాహ్నం ఇల్లు చేరాం. నిద్ర లేదు, ఒళ్ళంతా నొప్పులు. ఆ సాయంత్రం ఫోను ముట్టలేదు.

ఆదివారం పొద్దున చాయ్ తాగి మొదటి ఫుల్ టెస్టు తెరిచాను. నా ఫోన్ ఇంగ్లీషులోనే పెట్టుకుంటాను కాబట్టి వినిపించింది ఇట్లా: "ఫిఫ్టీ నైన్ మినిట్స్ ఫిఫ్టీ సెవెన్ సెకండ్స్." వేలు జరిపాను. "ఇమేజ్. ఫిఫ్టీ నైన్ మినిట్స్ ఫిఫ్టీ త్రీ..." మళ్ళీ జరిపాను. "రేడియో బటన్, నాట్ చెక్డ్. ఫిఫ్టీ నైన్ మినిట్స్..." ఇంకోసారి. "అన్‌లేబుల్డ్, బటన్."

సంగతి ఏమిటంటే ప్రశ్న బొమ్మ రూపంలో ఉంది, నాలుగు జవాబులూ బొమ్మలే. బొమ్మకు వెనకాల మాటల్లో ఏమీ రాసిపెట్టలేదు కాబట్టి టాక్‌బ్యాక్ "ఇమేజ్" అని ఊరుకుంటుంది. పైగా గడియారం ప్రతి సెకనూ మారుతుంటే మారినప్పుడల్లా దాన్ని చదవడం మొదలుపెడుతుంది. ఒక ముక్క వినేలోపు ఇంకో ముక్క మీద పడుతుంది. అటూ ఇటూ పోవడానికి ఉన్న మూడు బటన్లకూ పేర్లు లేవు. ఏది "తర్వాత", ఏది "సబ్మిట్" అని తెలియక ఒకసారి పరీక్షే ముగించేశాను. పట్టుదల కొద్దీ మళ్ళీ మొదలుపెట్టి, ప్రశ్న తెలియకుండానే ఇరవైకి జవాబులు పెట్టాను. నాలుగు కరెక్టు వచ్చాయి.

నోట్సు పీడీఎఫ్‌లు చూద్దామని పోతే అక్కడ ఇంకో తమాషా. తెలుగు పాఠం తెరిస్తే డాలర్లు, బ్రాకెట్లు, తెగిన ఇంగ్లీషు అక్షరాలు చదువుతోంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి తెలుగులాగే కనపడుతుందట; లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. యూనికోడ్‌లో కొడితేనే మా ఫోన్లకు అది తెలుగు.

మిర్యాలగూడలో బ్యాంకులో పనిచేసే మా హాస్టల్ సీనియర్ అన్న ఉన్నాడు. ఆయనకూ చూపు లేదు. ఇట్లాంటివన్నీ ఆయన దగ్గరికే చేరతాయి.

"ఎప్పుడు కొన్నవ్?" అన్నాడు ముందుగాల.

"గురువారం రాత్రి, ఎనిమిదీ నలభైకి."

"ఇప్పుడు పదీ నలభై. అరవై రెండు గంటలు. చెయ్యి దాటింది తమ్మీ."

ప్లే స్టోర్‌లో కొన్నదానికి 48 గంటలలోపైతే రిఫండ్ అడిగే దారి స్టోర్‌లోనే ఉంటుంది. ప్రొఫైల్‌లో పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్ల దగ్గరికి పోయి, ఆర్డర్ హిస్టరీలో ఆ కొనుగోలు మీద "సమస్య తెలపండి" అనేదాన్ని నొక్కి, కారణం ఎంచుకుని, పైసలు వాపసు కావాలని రాస్తే చాలు. 48 గంటలు దాటితే యాప్ చేసినవాళ్ళనే అడుక్కోమంటుంది పాలసీ, ఎందుకంటే ఆపైన ఎవరి రిఫండ్ నియమాలు వాళ్ళవి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ కూడా పోతుందనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. పోదు. దాన్ని విడిగా రద్దు చేయాలి, లేకపోతే వచ్చే ఏడాది మళ్ళీ పైసలు కట్ అవుతాయి. అన్న నాతో ఫోన్లో ఉండగానే ఆ పని చేయించాడు.

నాకు అప్పుడు తట్టింది ఒకటే. చూపున్నవాడు యాప్ తెరిచిన నిమిషంలో బాగుందో బాగాలేదో తేల్చుకుంటాడు. మాకు ముందుగది బాగానే ఉంటుంది, లోపలి గదిలో గోడ తగులుతుంది. ఆ లోపలి గదికి తాళం, పైసలు కడితేనే తీస్తారు.

ఆ మధ్యాహ్నమే కంపెనీకి మెయిల్ రాశాను. ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. "నేను అంధ విద్యార్థిని, పేద కుటుంబం, దయచేసి నా పరిస్థితి అర్థం చేసుకుని..." అని మొదలుపెట్టి అమ్మ కుట్టుమిషన్ దాకా పోయాను. మూడో రోజు జవాబొచ్చింది. మీ పట్టుదల మాకెంతో స్ఫూర్తి అన్నారు. డిజిటల్ కంటెంట్‌కు రిఫండ్ లేదన్నారు. ఇంట్లోవాళ్ళ సాయంతో టెస్టులు రాయవచ్చని సలహా కూడా ఇచ్చారు.

అన్నకు చదివి వినిపించాను. నవ్వాడు. "నువ్వు బతిలాడినవ్, వాళ్ళు జాలిపడ్డరు. లెక్క సరిపోయింది. ఇగ నువ్వెవరో వదిలిపెట్టు, వస్తువు సంగతి రాయి."

రెండో మెయిల్ అట్లా రాశాను. ఆర్డర్ నంబరు (ప్లే స్టోర్ రసీదులో జీపీఏ అని మొదలవుతుంది), కొన్న తేదీ, యాప్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్. తర్వాత మూడు లోపాలు: ప్రశ్నలూ జవాబులూ మాటలు లేని బొమ్మలు, బటన్లకు పేర్లు లేవు, గడియారం చదవనివ్వడం లేదు. ఉచిత టెస్టులో ఇవేవీ లేవు, కాబట్టి చూపించిందొకటి, అమ్మిందొకటి. ఎక్కడా దయచేసి అనలేదు.

సాక్ష్యానికి స్క్రీన్ రికార్డింగ్ కావాలి. మొదటిది డివైస్ ఆడియో పెట్టి తీస్తే టాక్‌బ్యాక్ గొంతే రాలేదు. పావుగంట మూగ సినిమా. మైకు పెట్టి, స్పీకర్ ఆన్ చేసి మళ్ళీ తీశాను. ఈసారి గొంతు వచ్చింది, దానితోపాటు ఫ్యాను చప్పుడు, మిషన్ చప్పుడు, సరిగ్గా "అన్‌లేబుల్డ్, బటన్" దగ్గర కుక్కర్ కూత. మూడోసారి తీసే ఓపిక లేక అదే పంపించాను.

రిఫండ్ లేదని వాళ్ళు రాసుకున్నంత మాత్రాన చట్టం ఊరుకోదని కూడా అన్నే చెప్పాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం ఉండి పైసలు వాపసు ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. బిల్లులో గడువేదీ రాసి లేకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. 2020 ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ సరుకుకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందిందని కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. చూశారా, అక్కడా 48 గంటలే. నాకు దాటితే దారి మూసుకుపోయింది, వాళ్ళకు దాటినా మెయిల్‌బాక్సు నిద్రపోతూనే ఉంది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 కూడా చదివించాడు. అందులో 46వ సెక్షన్ సర్కారు సేవలకే కాదు, ప్రైవేటు సేవలు అందించేవాళ్ళకూ యాక్సెసిబిలిటీ నియమాలు పాటించే బాధ్యత పెట్టింది. యాప్‌లూ వెబ్‌సైట్లూ ఎట్లా ఉండాలో చెప్పే ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కేవైసీ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. ఇవన్నీ మెయిల్‌లో కుక్కబోతే అన్న ఆపాడు. "1,199కి సుప్రీంకోర్టు దాక పోతవా? రెండు లైన్లు రాయి, చాలు." రెండు లైన్లే రాశాను.

వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. 1915కు ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఫారాలు నింపే బాధ లేదు, మాట్లాడితే చాలు, అదీ తెలుగులోనే. అవతలి మేడం ఆర్డర్ నంబరు రాసుకుని, "యాప్ ఓపెన్ కావట్లేదా సార్?" అంది. "ఓపెన్ అవుతుంది మేడం, మాట్లాడట్లేదు" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత మొత్తం విడమరిచి చెబితే "డబ్బు తీసుకుని సేవ ఇవ్వలేదని రాస్తున్నా సార్" అంది. నా రెండు పేజీల మెయిల్ సారం ఆ ఒక్క వాక్యంలో దించేసింది. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, మెసేజ్‌లో వచ్చింది. హెల్ప్‌లైన్ కోర్టు కాదు, కంపెనీకి పంపించి రాజీ కోసం చూస్తుంది, అంతే. అది కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ ఊరిదైనా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నల్లగొండలోనే కమిషన్ ఉంది కదా, అవసరమైతే ఆటోలో పోదాం అనుకున్నాను.

పదకొండో రోజు కంపెనీ నుంచి ఫోన్. మేనేజర్ అట, చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీకోసం స్పెషల్‌గా వాలిడిటీ ఇంకో ఆరు నెలలు ఫ్రీగా పెంచుతున్నాం."

పక్కనుంచి వింటున్న అమ్మ ఊరుకోలేదు. "సదువరాని పుస్తకం ఇంకారు నెలలు ఇంట్ల పెట్టుకొమ్మంటడా?"

ఫోన్లో ఆయనకూ వినపడినట్టుంది. ఇంకో అబ్బాయికి ఇచ్చాడు. యాప్ రాసేవాళ్ళలో ఒకడట, గొంతు చూస్తే నాకంటే చిన్నవాడు. "అన్నా, మీరు అసలు ఫోన్ ఎట్లా వాడతరు?" అన్నాడు. ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. అమ్మ ఫోన్‌కు కాల్ మార్చుకుని, నా ఫోన్ దాని పక్కన పెట్టి, వాళ్ళ టెస్టే తెరిచి వినిపించాను. ఇమేజ్. రేడియో బటన్. అన్‌లేబుల్డ్. సెకండ్స్, సెకండ్స్, సెకండ్స్. రెండు నిమిషాలు విన్నాడు. పాత ప్రశ్నల బ్యాంకంతా డీటీపీ ఫాంట్లలో ఉందని, ఫోన్లలో అక్షరాలు చెదిరిపోతున్నాయని బొమ్మలుగా కత్తిరించి పెట్టారని, ఉచిత టెస్టు ఒక్కటే కొత్తగా టైపు చేయించారని చెప్పాడు. నన్ను మోసం చేద్దామని ఎవరూ కూర్చోలేదన్నమాట. నేనొకణ్ణి ఉంటానని ఎవరికీ తట్టలేదు, అంతే. ఏది నయమో నాకింకా తేలలేదు.

రిఫండ్‌కు ఒప్పుకున్నారు. ప్లే స్టోర్‌లో ఆర్డర్‌ను డెవలపర్లే వెనక్కి ఇచ్చే వీలుంది, అట్లాగే ఇచ్చారు. మెయిల్ ఆ సాయంత్రమే వచ్చింది, ఖాతాలో పైసలు ఐదో రోజు పడ్డాయి. బ్యాంకు మెసేజ్ టాక్‌బ్యాక్ చదువుతుంటే అమ్మ మిషన్ ఆపి మళ్ళీ చదివించమంది.

ఇప్పుడు నేను ఏ యాప్ కొన్నా నెల ప్యాకే తీసుకుంటాను. అదీ ఇంట్లో ఉండే రోజు పొద్దున. కట్టిన వెంటనే అడుగున ఉన్న ఖరీదైన గదిలోకి పోయి అన్నీ తడిమి వస్తాను. పండగలు, అమావాస్యలు చూసుకుంటాను. ఆపిల్ 2025లో యాప్ పేజీ మీదే వాయిస్‌ఓవర్‌తో (ఐఫోన్లో టాక్‌బ్యాక్ లాంటిది) నడుస్తుందో లేదో డెవలపర్లు చెప్పే లేబుళ్ళు తెచ్చిందని విన్నాను. కొనకముందే తెలిస్తే ఈ లొల్లంతా ఉండేది కాదు. నా చేతిలో ఉన్నది మాత్రం పదివేల ఆండ్రాయిడ్.

రెండు నెలలకు ఆ అబ్బాయి మెసేజ్ పెట్టాడు, "అన్నా, కొత్త వెర్షన్ చూడండి" అని. చూశాను. గడియారం నోరు మూసింది. బటన్లు "నెక్స్ట్", "ప్రీవియస్", "సబ్మిట్" అని శుభ్రంగా పలుకుతున్నాయి. బొమ్మలకూ పేర్లు పెట్టారు. వేలు జరిపాను.

"క్వశ్చన్ ఇమేజ్."

ఇంకోసారి జరిపాను.

"ఆప్షన్ ఏ ఇమేజ్."