నాలుగింటి అలారం

పోయిన వానాకాలం నాకు డెంగీ వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకుని వీధి చివరి క్లినిక్‌కు వెళ్లాను. ఒళ్లునొప్పులంటే అక్కడాయన రెండు రోజులు వరుసగా నొప్పుల ఇంజెక్షను పొడిచాడు. డెంగీలో ఆ మందులు రక్తస్రావానికి దారితీయవచ్చని, జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వేసుకోవాలని తరువాత తెలిసింది. ఆ కోపం ఇంకా పోలేదు. పోవాలని ప్రార్థించడమూ లేదు.

ఐదో రోజు జ్వరం దిగింది. ఇంటిల్లిపాదీ స్తోత్రం చెప్పారు. డెంగీలో అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుందని మాలో ఒక్కరికీ తెలియదు. సాయంత్రానికి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం. ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. మావారు ఆగలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. గుంటూరు ఆసుపత్రిలో చేర్చేసరికి, లక్షన్నరకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు 14 వేలకు పడిపోయాయి. మా చర్చి సంఘం యువకులు ఇద్దరు పరుగున వచ్చి రక్తమిచ్చారు.

వాళ్ల వెనకే ఒక పెద్దావిడ వచ్చారు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, వెళ్తూ వెళ్తూ, "ఈమధ్య ఉపవాస కూడికలకు రావడం తగ్గించావు కదమ్మా. సందు దొరికితే సాతాను ఊరుకుంటాడా" అన్నారు.

ఆ రాత్రి, దిగిపోయిన జ్వరం కంటే ఆ మాటే ఎక్కువ కాల్చింది. మంచం మీద పడుకుని దేవుడికి లెక్క అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ల సండే స్కూలు, రోజూ నాలుగింటి వేకువ ప్రార్థన, ఈస్టరుకు ముందు శ్రమకాలంలో నలభై రోజుల ఒంటిపూట భోజనం. మానేసిన కూడికలు రెండే, అవీ అమ్మాయి పరీక్షల వల్ల. కిరాణా కొట్టులో పద్దు తప్పిందని పోట్లాడే మనిషిలా ఉన్నాను.

నాలుగింటికి అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. మోకరించకపోతే ఈ రోజూ పద్దులో బాకీ పడుతుందని భయం. సెలైన్ గొట్టం పట్టుకుని ఒక కాలు కింద పెట్టానో లేదో, నర్సమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మంచం దిగవద్దని చెప్పానా అమ్మా! పడితే తలలో రక్తం కారుతుంది."

"ప్రార్థన చేసుకోవాలమ్మా."

"ఈ జబ్బుకు వేరే మందేమీ లేదు. ఒంట్లో నీళ్లు తగ్గకుండా మేము చూసుకుంటాం. మీరు పడుకోండి." దుప్పటి కప్పి, బీపీ చూసి వెళ్లిపోయింది. గంటకోసారి వస్తూనే ఉంది.

అప్పుడు బైబిల్లోని ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు. ఆ కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆయన ప్రార్థిస్తే కర్మెలు కొండ మీద దిగిన అగ్ని దగ్గర గొంతు పెంచేదాన్ని, ఆ తరువాత ప్రాణభయంతో పారిపోయి చేరిన బదరీచెట్టు దగ్గర మాత్రం ఆగేదాన్ని కాదు. చావు కోరుకుని ఆ చెట్టుకింద పడుకున్నవాడిని దేవుడు ఒక్క మాటా అనలేదు. దూత వచ్చి రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ నిద్రపోతే మళ్లీ లేపి పెట్టాడు. ప్రార్థన ఎందుకు తగ్గించావని అడగలేదు.

నాకూ మాటలు రాలేదు. రానివ్వమని అడగనూ లేదు. తెల్లవారేదాకా నిద్రపోయాను.

తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. నీరసం నెలన్నర వదల్లేదు. ఆ పెద్దావిడ మొన్న ఫోను చేసి, దేవుడు చేసిన మేలు గురించి శుక్రవారం సాక్ష్యం చెప్పమన్నారు. ఏలీయా నిద్ర గురించి చెబుతానన్నాను. కాసేపు మాట్లాడలేదు ఆవిడ.

అలారం ఇంకా తీసేయలేదు. నాలుగింటికి మోగుతుంది. ఒక్కోరోజు లేస్తాను. ఒక్కోరోజు నొక్కేసి అటు తిరిగి పడుకుంటాను.